పిడికిలి దాటిన బొటనవేలు

దెబ్బ పడి మూడు గంటలైంది. ఆ మూడు గంటల్లో కిరణ్ పాల్ నాలుగు అబద్ధాలు చెప్పాడు.

నానక్‌రామ్‌గూడలో వాళ్ల ఆఫీసు రెండో బేస్‌మెంట్‌లో, కార్ల మధ్య, తమ్ముడు నతానియేల్ ఛాతీ మీద గుద్దింది తనే. కారణం ఒక్క వాక్యం. ఏటా అప్రైజల్ సమయంలో టీమ్ లీడ్ గురించి కిందివాళ్లు పేరు లేకుండా అభిప్రాయాలు రాస్తారు. అందులో ఎవరో రాశారు: "ఆయన మామూలుగా మాట్లాడుతున్నప్పుడు కూడా మాట వెనకాల చెయ్యి లేచి ఉన్నట్టే ఉంటుంది." పేరు లేకపోయినా ఆ వాక్యం ఎక్కడిదో కిరణ్‌కి తెలుసు. బోరబండ ఇంట్లో ఒకే దుప్పటి కింద పడుకుని, చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ నాన్న గురించి గుసగుసగా అనుకున్న మాట అది. తను రిఫర్ చేసి ఉద్యోగంలో పెట్టించిన తమ్ముడు, నాన్న కోసం పుట్టిన మాటను తెచ్చి తనకు తొడిగాడు. కిరణ్ గుద్దాడు. నతానియేల్ స్తంభానికి జారగిలబడి, ఒక చేత్తో రొమ్మూ ఇంకో చేత్తో వీపూ పట్టుకోబోయి, "అన్నయ్యా, లోపలేదో చిరిగింది" అన్నాడు.

ఆఫీసు క్లినిక్‌లో "మెట్లెక్కుతుంటే నొప్పొచ్చింది" అన్నాడు కిరణ్. అది మొదటి అబద్ధం. గుండెపోటే అనుకుని అక్కడి నర్సు, తనకు నేర్పిన పద్ధతి ప్రకారం, రక్తం పలచబడే మాత్రలు నాలుగు మింగించి అంబులెన్స్ ఎక్కించింది. కొండాపూర్‌లో ఆసుపత్రి ఎమర్జెన్సీలోనూ అదే మాట. రెండు. తమ్ముడి భార్య ప్రశాంతికి ఫోన్లో "కంగారు పడకమ్మా, గ్యాస్ నొప్పి" అన్నాడు. మూడు. నాలుగోది కాగితం మీద ఉంది. కుటుంబంలో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లున్నారా అన్న ప్రశ్న పక్కన 'లేరు' అనీ, తండ్రి అన్న చోట 'ప్రమాదం, కాలు జారి' అనీ రాశాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ ఇంట్లో అందరూ ప్రతి ఫారం మీదా రాస్తున్నది అదే.

ఇప్పుడు కిరణ్ ఒక చిన్న గదిలో కూర్చుని ఉన్నాడు. బల్ల మీద ప్లాస్టిక్ గుండె బొమ్మ, టిష్యూ పేపర్ల డబ్బా. పక్క కుర్చీలో అమ్మ గ్రేస్. ఒళ్లో జిప్పు బైబిలు, గుప్పిట్లో ప్రార్థన నూనె సీసా. చిన్నోడి నుదుటికి ఒక్క బొట్టు రాస్తానని ఇందాకటి నుంచి సెక్యూరిటీ గార్డు సాయిలును మూడుసార్లు బతిమాలింది. "అమ్మా, లోపల నూనె గీనె ఒద్దంటరు. జర కూసోండ్రి" అని సాయిలు మూడుసార్లూ కూర్చోబెట్టాడు.

డాక్టర్ రసజ్ఞ లోపలికి వచ్చి తలుపు వేసింది. గుండె సర్జన్, నలభై దాటిన మనిషి. కూర్చోలేదు.

"గుండెపోటు కాదండి. మా నర్సు శిరీష రెండు చేతులకీ బీపీ చూడబట్టి దొరికింది. కుడి చేతికి నూట డెబ్బై, ఎడమ చేతికి నూట పది. అంత తేడా ఉండకూడదు. వెంటనే స్కాన్ తీశాం." బొమ్మ అందుకుని, గుండె నెత్తిన గొడుగు పిడిలా వంగి కిందకు దిగే ఎర్రటి గొట్టం మీద వేలు పెట్టింది. "ఇది బృహద్ధమని. ఒంట్లో అన్నిటికన్నా పెద్ద రక్తనాళం. గోడకి మూడు పొరలు. లోపలి పొర చిరిగింది. కోటుకి అస్తరు ఉంటుంది చూడండి, అది చిరిగితే చెయ్యి సరిగ్గా కోటు చేతిలోకి పోదు, అస్తరుకీ గుడ్డకీ మధ్యలో దూరుతుంది. రక్తం అలా దూరింది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఇంకాస్త చీల్చుకుంటూ పోతోంది."

కోటు అనగానే కిరణ్‌కి నాన్న గుర్తొచ్చాడు. నాన్నకి ఒక నల్ల కోటుండేది. మిషన్ స్కూలు మాస్టారు జ్ఞానప్రకాశం ఆదివారం ఆరాధనకి అది తొడుక్కునే వెళ్లేవాడు. దాని అస్తరు ఎడమ చంక కింద చిరిగి ఉండేది. ఆ చిరుగు కిరణ్ కళ్లకి తెలిసింది కాదు, వేళ్లకి తెలిసింది.

"ఆపరేషన్ చెయ్యాలి. గంటలు గడిచేకొద్దీ అవకాశం తగ్గిపోతుంది" అంది రసజ్ఞ. "రెండు రకాలుగా చెయ్యొచ్చు. చిరిగిన ముక్క వరకు తీసి, గుడ్డ గొట్టం కుట్టేసి త్వరగా బయటపడొచ్చు. లేదా గుండె దగ్గర మొదలు నుంచీ కవాటంతో సహా మార్చాలి. అది పెద్ద పని. మింగించిన మాత్రల వల్ల కోసిన చోటల్లా రక్తం కారుతూనే ఉంటుంది, కాబట్టి మొదటిదే మేలు. కానీ ఆ గోడ పుట్టుకతోనే నాసిదైతే మొదటిది చేసి లాభం లేదు. కుట్టు పట్టదు. మిగిలింది మళ్లీ చిరుగుతుంది. అందుకే మళ్లీ అడుగుతున్నా. మీ ఇంట్లో ఎవరైనా ఇలా హఠాత్తుగా..."

"లేరు. రాశాను కదా."

"మెట్లెక్కుతుంటేనే వచ్చిందా నొప్పి?"

"చెప్పాను కదండీ!"

ఐదూ, ఆరూ. లెక్క తనకి తెలియకుండానే లోపల ఎవరో పెడుతున్నారు. ఆ ఎవరో పదహారేళ్లవాడు. వాడు ఎప్పుడూ అరవడు, గోడకి ఆనుకుని కూర్చుని చూస్తుంటాడు. వాడి చూపు భరించలేనప్పుడల్లా కిరణ్‌కి ఎదుటివాళ్ల మీద కోపం వస్తుంది. ఇన్నేళ్లలో తనకి తను నేర్పుకున్న ఒకే ఒక్క విద్య అది.

"ఆ మాత్రలు ఎవడు వెయ్యమన్నాడు?" లేచాడు. "అడగకుండా, చూడకుండా మందులు మింగించి ఇప్పుడు రక్తం ఆగదంటారా? మనుషులనుకున్నారా, ఏమనుకున్నారు?"

"మీరు చెప్పిన దాన్ని బట్టే వేశారండి" అంది రసజ్ఞ.

ఆ మాట నిజం. అందుకే ప్లాస్టిక్ గుండె గోడకి తగిలి నాలుగు ముక్కలైంది. ఆ తర్వాత కుర్చీ లేచింది. తలుపు అద్దం పగిలిన చప్పుడు కిరణ్‌కి ఎక్కడో పక్కింట్లో జరిగినట్టు వినిపించింది. వరండాలో ఎవరో కేక పెట్టారు. రసజ్ఞ వెనక్కి రెండడుగులు వేసి గోడకి ఆనుకుంది. తను ఆమె వైపే నడుస్తున్నానని కిరణ్‌కి తెలుసు, ఎందుకో మాత్రం తెలియదు. ఇంతలో వెనక నుంచి బస్తాలాంటి బరువొకటి మీద పడింది. గాజు ముక్కల మధ్య బోర్లా పడ్డాడు. చెయ్యి మెలిపడింది. వీపు నడిమధ్య మోకాలు దిగింది.

"ఏంది సార్ గిట్ల?" సాయిలు ఆయాసపడుతూ చెవి దగ్గర అన్నాడు. "లాప్‌టాప్ బ్యాగేస్కొని గుండాగిరి జేస్తరా? రోజుకొకడొస్తడు మీ అసుమంటోడు. పలగ్గొట్టుకుంట పోతే పగిలేటియి అద్దాలే సార్. లోపలున్నోని పానం ఒక్క ఇంచు గూడ కదలది."

"వదులు."

"వదుల్త. మల్ల లేస్తరా?"

"లేవను."

"ఒట్టు?"

కిరణ్ వీపులో, రెండు రెక్కల మధ్య, మోకాలు ఆనిన చోట, ఒక నొప్పి మొదలైంది. సాయిలు లేచాక కూడా అది లేవలేదు.

అప్పుడే ప్రశాంతి వచ్చింది. స్కూలు నుంచి తిన్నగా వచ్చింది, వేళ్ల నిండా మార్కర్ మరకలు. పగిలిన అద్దాన్ని చూడలేదు, అత్తగారిని చూడలేదు. కింద కూర్చున్న కిరణ్ మెడలో వేలాడుతున్న ఐడీ కార్డు తాడు పట్టుకుని పైకి గుంజింది. తాడు గొంతుకి బిగిసింది.

"గ్యాస్ నొప్పా బావగారూ? గ్యాస్ నొప్పా?"

"ప్రశాంతీ..."

"దినేశ్ ఫోన్ చేశాడు. అతని కారు మీ పక్కనే ఉంది. కార్లో కూర్చుని మొత్తం చూశాడు. మీ కింద పనిచేసేవాడు కదా, దిగడానికి భయపడి దిగలేదంట. ఏడుస్తూ చెప్పాడు." తాడు ఇంకా గుంజింది. "ఆయన ఆ మాట ఎందుకు రాశారో తెలుసా? మీ మీద కోపంతో కాదు. మీరు చదివి గుర్తుపడతారని. గుర్తుపట్టి ఆగుతారని! నాతో చెప్పే రాశారు. 'అన్నయ్య మంచోడే, వాడికి ఎవరో ఒకరు చెప్పాలి కదా' అన్నారు."

కిరణ్ చూపు గాజు ముక్కల మీదకి దించుకున్నాడు. ఆ దించుకోవడమే ఆమెకి నిప్పు పెట్టినట్టయింది. భుజానికున్న సంచిలోంచి స్టీలు టిఫిన్ డబ్బా తీసి మొహం మీద కొట్టింది. ఒకటి. పెదవి చిట్లింది. రెండు. మూడోది కణత మీద పడింది.

"నువ్వు మనిషివేనా? నువ్వు అన్నవేనా?"

ఆ ఇంటి కోడలై వచ్చిన ఐదేళ్లలో ఆమె కిరణ్‌ని 'నువ్వు' అనడం అదే మొదటిసారి. డబ్బా కన్నా అదే గట్టిగా తగిలింది. సాయిలు ఆపబోయి, ఏమనుకున్నాడో, ఆగిపోయాడు. కిరణ్ లేచి నిలబడ్డాడు. చేతులు ఎత్తలేదు. తొడల పక్కన రెండు పిడికిళ్లూ బిగుసుకుని ఉన్నాయి, ఇప్పుడు ఎవరిని కొట్టాలో తెలియక.

రసజ్ఞ ఆ పిడికిళ్లని చూసింది. గోడ దగ్గర నుంచి కదిలి, గాజు ముక్కల మీదుగా నడిచి వచ్చి, కుడి మణికట్టు పట్టుకుని వెలుతురులోకి తిప్పింది.

"అలాగే ఉంచండి. విప్పకండి."

అతనెప్పుడూ బొటనవేలు లోపల పెట్టే పిడికిలి బిగిస్తాడు. ఆ బొటనవేలు అరచేతిని దాటి, మడిచిన వేళ్ల కిందుగా వచ్చి, చిటికెన వేలి పక్కన గోరంతా బయటికి తొంగిచూస్తోంది. గుప్పిట్లో పట్టక బయటపడ్డ దొంగసొమ్ములా ఉంది.

"నతానియేల్ గారిదీ ఇంతే. మత్తిచ్చే ముందు చూశాను. పొడుగు, లోపలికి నొక్కుకుపోయిన ఛాతీ, దళసరి కళ్లజోడు. అనుమానమొచ్చింది కానీ కాగితం మీద మీరు లేదని రాశారు." ఆమె గొంతులో అద్దం పగిలిన భయం లేదిప్పుడు. "మీ నాన్నగారి పిడికిలి ఎలా ఉండేది?"

నాన్న పిడికిలి. ఆ పిడికిలిని ఇంత దగ్గర నుంచి చూసినవాడు ప్రపంచంలో ఇంకెవరున్నారు? ముఖం వైపు వచ్చేటప్పుడు చిటికెన వేలి పక్కన ఆ గోరు ముందు కనిపించేది. దాన్ని చూసి, ఎటు తగులుతుందో లెక్కగట్టి, తల తిప్పుకోవడం తమ్ముడికి నేర్పింది తనే. స్కూల్లో మిగతా పిల్లలు నవ్వితే నాన్నే అన్నాడొకసారి: "ఇది మన ఇంటి పిడికిలిరా. ఎవడికీ రాదు."

"ఇలాగే" అన్నాడు కిరణ్. "ఇలాగే ఉండేది."

"ఆయన ఎలా పోయారు?"

వరండాలో ఫోన్ మోగి ఆగింది. గోడకి ఆనుకుని కూర్చున్న పదహారేళ్లవాడు మొదటిసారి లేచి నిలబడ్డాడు.

"కాలు జారలేదు" అన్నాడు కిరణ్. "నేను తోశాను. ఆదివారం. ఆరాధన నుంచి వచ్చి కోటు కూడా విప్పకుండా బెల్టు తీశాడు. తమ్ముడికి పన్నెండేళ్లు, నాకు పదహారు. ప్రార్థనలో నవ్వాడని. వాడి చెవి నుంచి రక్తం వస్తోంది, నాన్న ఆపట్లేదు. కోటు పట్టుకుని లాగాను. అస్తరు చిరిగి చెయ్యి అందులో ఇరుక్కుంది. ఆ చెయ్యి లాక్కుని రెండు చేతులతో రొమ్ము మీద తోశాను. బీరువాకి కొట్టుకుని పడ్డాడు. అరగంటలో పోయాడు. నేను చంపాను. ఇవాళ... ఇవాళ వీణ్ణి కూడా అక్కడే కొట్టాను. సరిగ్గా అక్కడే."

ప్రశాంతి చేతిలోంచి డబ్బా జారింది. పొద్దున్న పెట్టుకున్న నిమ్మకాయ పులిహోర గాజు ముక్కల మీద పరుచుకుంది.

"పెద్దోడా, ఆపు" అంది గ్రేస్.

"ఇంకా ఏం ఆపాలమ్మా?"

"డాక్టరమ్మా, నేను చెబుతాను." ఆవిడ లేవలేదు. నూనె సీసాని చూస్తూ మాట్లాడింది. "ఆయనకి ఆ రోజు తెల్లారుజామునే వచ్చింది నొప్పి. రొమ్ములోంచి వీపులోకి. 'గ్రేసూ, లోపల ఎవడో గుడ్డ చింపుతున్నాడే' అన్నారు. దుప్పటి నోట్లో కుక్కుకుని అరిచారు, పిల్లలు లేస్తారని. దవాఖానాకి పోదామని నేననలేదు. ఉపవాస ప్రార్థన నలభయ్యో రోజది. సంఘంలో అందరి తలల మీదా చేతులుంచి ప్రార్థన చేసే మనిషి మందుకి పోతే ఏమనుకుంటారు అన్నారాయన. నాకూ అదే నిజమనిపించింది. నూనె రాశాను. తగ్గిందన్నారు. తగ్గలేదు. ఆ నొప్పితోనే కోటు తొడుక్కుని ఆరాధనకి వెళ్లారు, ఆ నొప్పితోనే బెల్టు తీశారు."



"మరి నాకెందుకు చెప్పలేదు?" కిరణ్ ఆవిడ ముందుకి వచ్చి నిలబడ్డాడు. "పద్దెనిమిదేళ్లమ్మా!"

"చెబితే, దవాఖానాకి తీసుకెళ్లనిది నేనవుతాను కదయ్యా. జారి పడ్డారని ఊరికి చెప్పాను. నువ్వు తోశావని నువ్వనుకుంటుంటే ఊరుకున్నాను. నిన్ను కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను." తలెత్తింది. "కాదు. నీ మీద వేసి నేను బతికాను."

చెయ్యి లేచింది. లేచిందని కిరణ్‌కి తర్వాత తెలిసింది. భుజం పైన, బిగుసుకుని, చిటికెన వేలి పక్కన గోరు బయటపెట్టుకుని ఆగి ఉంది. సాయిలు పరిగెత్తబోయాడు. గ్రేస్ మాత్రం కదలలేదు. కళ్లు మూసుకుంది, అంతే. ఆ మూసుకోవడంలో తొందర లేదు, భయం కూడా లేదు. అలవాటు ఉంది. తల కొంచెం ఎడమకి తిప్పుకుంది, దెబ్బ చెవి మీద కాక దవడ మీద పడేలా. అది కిరణ్ తమ్ముడికి నేర్పిన లెక్క. తనకి ఎవరు నేర్పారో ఇప్పుడు అర్థమైంది.

తను ఇప్పుడు నిలబడ్డ చోటు నాన్నది. గాలిలో ఉన్న ఈ చెయ్యి కూడా ఆయనదే.

వేళ్లు ఒక్కొక్కటిగా విప్పాడు. చాలా సేపు పట్టింది. విప్పిన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సొంత ఛాతీ మీద పెట్టుకున్నాడు.

"అయితే నేను చంపలేదా?" రసజ్ఞని అడిగాడు.

"తెలియదండి." ఆమె అబద్ధం చెప్పే రకం కాదు. "మీ నాన్నగారికి తెల్లారుజామునే చిరిగింది. కానీ పొర చిరిగాక కూడా కొందరు రోజంతా బతికి సర్జన్ దాకా వస్తారు. కోపం వస్తే బీపీ ఆకాశానికి పోతుంది. ఆయన కోపమా, మీ తోపా, ఏది చివరిదో ఎవరూ చెప్పలేరు. ఇవాళ్టిదీ అంతే. నాకు కావలసింది మాత్రం దొరికింది. ఇది వంశంలో వచ్చేదే. మార్ఫాన్ అంటారు, పొడుగు వేళ్లూ, నాసి గోడా రెండూ దాని గుర్తులే. పెద్ద ఆపరేషనే చేస్తాను. ప్రశాంతి గారూ, సంతకం పెట్టండి. ఆశ ఉంది. మాట మాత్రం ఇవ్వలేను."

ప్రశాంతి మార్కర్ మరకల వేళ్లతో సంతకం పెట్టింది.

వెళ్తూ వెళ్తూ రసజ్ఞ తలుపు దగ్గర ఆగింది. "ఇది పిల్లల్లో సగానికి సగం మందికి దిగుతుంది, కిరణ్ గారూ. ఆ పిడికిలి చూశాక మిమ్మల్ని ఊరికే వదలను. శిరీషా, ఈయనకి బీపీ చూడు. రెండు చేతులకీ."

వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి శిరీష కుడి చేతికి పట్టీ చుట్టింది. ఆపరేషన్ థియేటర్ తలుపులు ఎదురుగానే ఉన్నాయి. వాటి పక్క కిటికీలోంచి రసజ్ఞ మోచేతుల దాకా సబ్బు రుద్దుకోవడం కనిపిస్తోంది.

"నూట ఎనభై ఆరు" అంది శిరీష. "గంత లొల్లి జేస్తే ఉండదా మల్ల? అగో ఆ చెయ్యి ఇయ్యుండ్రి."

ఎడమ చేతికి చుట్టింది. గాలి కొట్టింది. వదిలింది. పట్టీ విప్పి, సరిచేసి, మళ్లీ చుట్టింది. ఈసారి మిషన్ పక్కన పెట్టి స్టెతస్కోపు పెట్టుకుని వింది.

"వీపుల నొప్పుందా సార్?"

లేదు అనే మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. ఏడోది. సాయిలు మోకాలిదని ఇంతసేపూ అనుకున్న నొప్పి రెక్కల మధ్య నుంచి నెమ్మదిగా నడుము వైపు దిగుతోంది, అస్తరు కింద దారి వెతుక్కునే చెయ్యిలా.

"ఉంది" అన్నాడు. "ఎంత వచ్చింది?"

"నూట ఇరవై." ఆమె స్టెతస్కోపు తీసేసి లేచింది. "మేడమ్‌కి చెప్పాలె."

ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు. ఇంత మెత్తగా ఎవరినైనా పట్టుకోవడం తనకి వచ్చని అతనికి తెలియదు. "ఈ ఆపరేషన్ చేసేవాళ్లు ఇంకెవరున్నారు తల్లీ ఇక్కడ?"

"ఇయ్యాల మేడమ్ ఒక్కలే సార్."

"అయితే ఆవిడ లోపలికి వెళ్లేదాకా చెప్పకు. తలుపు మూసుకునేదాకా. తమ్ముడి పని ఆగకూడదు. అంతే."

ఇది ప్రేమో, ఇన్నేళ్లుగా వెతుక్కుంటున్న శిక్ష చేతికి దొరికిందన్న ఆత్రమో అతనికి తెలియలేదు. లోపలి పదహారేళ్లవాణ్ణి అడుగుదామని చూశాడు. గోడ దగ్గర ఎవరూ లేరు.

చక్రాల చప్పుడైంది. నతానియేల్‌ని తెస్తున్నారు. పక్కనే ప్రశాంతి. దుప్పటి కింద నుంచి తమ్ముడి చెయ్యి ఒకటి బయటికి వేలాడుతోంది, సగం మడిచిన పిడికిలి, అంచున తెల్లటి గోరు. ఆ చెయ్యి కిరణ్ మోకాలిని రాసుకుంటూ పోయింది.

రసజ్ఞ తడి చేతులు పైకెత్తి పట్టుకుని, వీపుతో తలుపు నెడుతూ, ఇటు తిరిగింది.

"శిరీషా, ఎంతుంది ఆయనకి?"

శిరీష కిరణ్ వైపు చూసింది. కిరణ్ తమ్ముడి చేతి వైపు చూస్తున్నాడు. స్ట్రెచర్ ముందు చక్రాలు గడప దాటాయి.

శిరీష నోరు తెరిచింది.